4-2-4తో దిగాలా, వద్దా? దాడి ఆటను ఎంచుకునే జట్లకు ఒక పోలిక

పోయిన వేసవిలో మా ఫుట్‌బాల్ మ్యాచ్ ఒకటి 0-0గా ముగిసింది. బూట్ల లేసులు విప్పుకుంటూ మా లెఫ్ట్ వింగర్, పందొమ్మిదేళ్ల పిల్లగాడు, నన్నడిగాడు: "అన్నా, ముంగట నలుగురం ఉంటే గోల్ పడకుంట ఎట్లుంటది? వచ్చే వారం 4-2-4 ఆడుదామా?" సరేనన్నాను. 4-2-4 అంటే కీపర్ కాక వెనక నలుగురు, మధ్యలో ఇద్దరు, ముందు నలుగురు. మరుసటి ఆదివారం బొల్లారం వైపు ఒక మట్టి గ్రౌండులో అలాగే దిగాం. మొదటి పావుగంటలో రెండు గోల్స్ కొట్టాం. ఆట ముగిసేసరికి 2-5.

ఆ ఏడు గోల్స్‌నీ నేను చాలా రోజులు నెమరేసుకున్నాను. మేం కొట్టిన రెండూ 4-2-4 వల్ల వచ్చినవే. మాకు పడిన ఐదింటిలో ఒకటి కార్నర్ మీద పడింది, మిగతా నాలుగూ 4-2-4 వల్ల పడినవే. అంటే ఆ పద్ధతి మమ్మల్ని మోసం చేయలేదు. ఇస్తానన్నది ఇచ్చింది, తీసుకోవాల్సింది తీసుకుంది. మాకే ఆ బేరం ముందుగా తెలియలేదు.

బంతి మన కాళ్ల దగ్గరున్నంతసేపూ ఏ దాడి పద్ధతైనా ముచ్చటగానే ఉంటుంది. బంతి చేజారిన ఆ క్షణాన మనవాళ్లు ఎవరెక్కడ నిలబడి ఉన్నారో చూస్తే దాని అసలు ఖరీదు తెలుస్తుంది. ఇక్కడ మూడు ఆటలను ఆ కొలతతోనే పోలుస్తున్నాను: 4-2-4, 4-3-3, వెనక కాచుకుని, బంతి చిక్కగానే కౌంటర్‌కు (ఎదురుదాడికి) పోయే 4-4-2. ఆదివారం ఆడే కాలనీ జట్టు, కాలేజీ జట్టు, ఆఫీసు జట్టు నడిపేవాళ్ల కోసం ఈ రాత. లాప్‌టాప్ ముందు బొమ్మలు గీసుకోవడానికైతే మూడూ బాగానే ఉంటాయి.

ఈ ఊరికి 4-2-4 కొత్త కాదు

హైదరాబాద్‌లో ఫుట్‌బాల్ పద్ధతుల మాటెత్తితే సయ్యద్ అబ్దుల్ రహీం దగ్గర మొదలుపెట్టాలి. వృత్తికి ఉపాధ్యాయుడు. 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టును తీర్చిదిద్దారు. అదే కాలంలో భారత జట్టుకూ ఆయనే కోచ్. సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1952 హెల్సింకి ఒలింపిక్స్‌లో యుగోస్లావియా చేతిలో భారత్ 10-1తో ఓడింది. మరుసటి ఏడు, 1953 నవంబర్‌లో, 4-2-4కు దగ్గరి ఆట ఆడిన హంగరీ జట్టు లండన్‌లోని వెంబ్లీకి వెళ్లి ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించింది. హంగరీ సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందు నిలబడకుండా వెనక్కి జరిగి ఆడాడు. అతని వెంట పోవాలా, చోటు కాచుకోవాలా అని ఇంగ్లండ్ సెంటర్ హాఫ్‌కు తోచలేదు. అతను మూడు గోల్స్ కొట్టాడు.

1958 ప్రపంచకప్పులో బ్రెజిల్ 4-2-4ను లోకానికంతా చూపించింది. అంతకంటే ముందే రహీం సాబ్ మనవాళ్లతో ఆ ఆట ఆడించారని మన ఫుట్‌బాల్ చరిత్ర తెలిసినవాళ్లు చెబుతారు. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్ ఆస్ట్రేలియాను 4-2తో ఓడించింది. నెవిల్ డిసౌజా హ్యాట్రిక్ కొట్టాడు. మనకు నాలుగో స్థానం దక్కింది. ఆ జట్టులో మన సికింద్రాబాద్ దగ్గరి అమ్ముగూడలో పుట్టిన తులసీదాస్ బలరాం ఉన్నాడు. ముందు వరసలో ఎక్కడ నిలబెట్టినా ఆడగల మనిషి.

ఈ చరిత్ర చెప్పింది గొప్పకు కాదు. అప్పట్లో ఆ ఆటను గెలిపించిన జట్లు దాన్ని కాగితం మీద ఉన్నట్టు ఆడలేదు. బ్రెజిల్‌లో లెఫ్ట్ వింగర్ జగాలో. బంతి పోగానే పరుగున మధ్యలోకి వచ్చి మూడోవాడయ్యేవాడు. అతను వెనక్కి వచ్చినప్పుడల్లా అది 4-3-3. హంగరీకి హిడెగ్‌కుటి అలాంటివాడే. మేం బొల్లారంలో ఆడిన 4-2-4లో వెనక్కి వచ్చే మనిషి లేడు. మా నలుగురూ నలుగురే, ఎప్పుడూ ముందే.

నలుగురు ముందుంటే దక్కేది

మొదటి గోల్ ఇలా వచ్చింది. ఎదుటి కీపర్ గోల్ కిక్‌ను పక్కనున్న సెంటర్ బ్యాక్‌కు (వెనక వరస మధ్యలో ఉండే డిఫెండర్‌కు) చిన్న పాస్ ఇచ్చాడు. 2019లో నియమం మారాక గోల్ కిక్‌ను బాక్స్ లోపలే అందుకోవచ్చు కాబట్టి ఇప్పుడు చిన్న జట్లు కూడా అలా మొదలుపెట్టడం నేర్చుకున్నాయి. వాళ్ల వెనక వరసలో నలుగురు, మా ముందు వరసలో నలుగురు. ఒక్కొక్కరికి ఒక్కొక్కరు. ఖాళీగా ఉన్న మనిషి దొరక్క సెంటర్ బ్యాక్ కంగారులో అడ్డంగా కొట్టాడు, బంతి నేరుగా మా వింగర్ కాళ్ల దగ్గరికి వచ్చింది. ముగ్గురితో ప్రెస్ చేస్తే, అంటే మీదికి వెళ్లి ఒత్తిడి పెడితే, ఎదుటివాళ్లలో ఎప్పుడూ ఒకడు ఖాళీగా ఉంటాడు. నలుగురితో చేస్తే ఉండడు. 4-2-4 ఇచ్చే మొదటి వరం అది.

రెండో గోల్ వెడల్పు వల్ల వచ్చింది. ఇద్దరు వింగర్లు రెండు గీతల మీద నిలబడితే వెనక వరసలో రెండు పక్కలా ఉండే ఎదుటి ఫుల్‌బ్యాక్‌లు బయటికి లాగబడతారు. మధ్యలో ఇద్దరు స్ట్రైకర్లకు ఇద్దరు సెంటర్ బ్యాక్‌లే మిగులుతారు, వాళ్ల వెనక కవర్ ఉండదు. ఒక స్ట్రైకర్ బంతి కోసం దగ్గరికి వస్తే, రెండోవాడు ఆ ఖాళీలోకి దూరితే చాలు. మాకు సరిగ్గా అదే జరిగింది.

మూడో లాభాన్ని చాలామంది పట్టించుకోరు: నేర్పడం తేలిక. వారానికి ఒక్కరోజు, అదీ సగంమంది ఆలస్యంగా వచ్చే జట్టుకు 4-2-4లో ఎవరి పని ఏమిటో పది నిమిషాల్లో చెప్పొచ్చు. నువ్వు గీత మీద ఉండు, నువ్వు వాళ్ల సెంటర్ బ్యాక్‌ను వదలకు. 4-3-3లో మిడ్‌ఫీల్డర్లు ముగ్గురికీ ఒకరి చోట్లోకి ఒకరు ఎప్పుడు జరగాలో నేర్పడానికి నాకు రెండు నెలలు పట్టింది.

మధ్యలో ఇద్దరే ఉంటే పోయేది

లెక్క చూడండి. పూర్తి కొలతల మైదానం వెడల్పు 68 మీటర్లు. మధ్యలో ఇద్దరుంటే ఒక్కొక్కరి వాటా 34 మీటర్లు. ముగ్గురుంటే 23 మీటర్ల లోపే. ఎదుటి జట్టు మధ్యలో ముగ్గురిని పెడితే మా ఇద్దరికి ఎప్పుడూ ఒకడు అదనం. వాడు బంతి అందుకుని మన గోల్ వైపు తిరిగాడంటే మన సెంటర్ బ్యాక్‌కు రెండే దారులు: వాడి మీదికి వెళ్తే వెనక చోటు ఖాళీ అవుతుంది, వెళ్లకపోతే వాడు తల ఎత్తి తీరిగ్గా మన వెనక వరసను చీల్చే త్రూ పాస్ వేస్తాడు. మాకు పడిన నాలుగు గోల్స్‌లో మూడు ఈ ఒక్క చిక్కు వల్లే పడ్డాయి.

నాలుగోది సెకండ్ బాల్. గాల్లో లేచిన బంతిని ఎవరో తలతో కొట్టాక అది కింద పడేచోటు ఎవరిదన్నదే ఆదివారం ఆటల్లో సగం ఆట. మా స్ట్రైకర్ హెడ్ గెలిచినా, కింద పడ్డ బంతి దగ్గర మావాడు లేడు. 2022 మార్చిలో ఐఎస్ఎల్ (ఇండియన్ సూపర్ లీగ్) ఫైనల్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. కేరళ బ్లాస్టర్స్ 1-0తో ముందున్నప్పుడు, 88వ నిమిషంలో హైదరాబాద్ ఎఫ్‌సీ మిడ్‌ఫీల్డర్ సాహిల్ తవోరా బాక్స్ బయటినుంచి వాలీ కొట్టి స్కోరు సమం చేశాడు. ఆ తర్వాత పెనాల్టీల్లో 3-1తో కప్పు మనదైంది. ఆ రోజు నేను కుర్చీలోంచి లేచి అరిచిన అరుపు మా ఇంట్లో ఇంకా చెప్పుకుంటారు. బాక్స్ అంచున అలా కాచుకుని ఉండడానికి ఒక మనిషి కావాలి. అందరూ బాక్స్ లోపలికి దూరితే ఆ చోటు ఎదుటివాళ్లదే, అక్కడినుంచే వాళ్ల కౌంటర్ మొదలవుతుంది.

ఇంకొకటి, కొంచెం ఆలస్యంగా అర్థమైంది. 4-2-4 ఆడాలంటే వెనక నలుగురు బాగా ముందుకు జరిగి, గ్రౌండును కురచ చేయాలి. లేకపోతే వెనక వరసకూ ముందు వరసకూ మధ్య నలభై మీటర్ల ఖాళీ పడుతుంది. ముందుకు జరిగితే ఆఫ్‌సైడ్ మీద, అంటే మన వెనక వరస దాటి ముందే నిలబడ్డవాడికి పాస్ వేయకూడదన్న నియమం మీద ఆధారపడాలి. మన ఆదివారం మ్యాచ్‌ల్లో చాలాచోట్ల ఒక్క రెఫరీయే ఉంటాడు, గీతల మీద లైన్స్‌మన్ ఉండడు. ఒక్క మనిషి అన్ని ఆఫ్‌సైడ్లూ పట్టలేడు, అది ఆయన తప్పు కాదు. లైన్స్‌మన్ లేని మ్యాచ్‌లో వెనక వరసను హాఫ్‌వే దాకా తీసుకెళ్లడం నేనిప్పుడు మానేశాను. అంటే 4-2-4కు ఉండాల్సిన రక్షణలో సగం అక్కడే పోయినట్టు.

4-3-3: ఒక మనిషిని వెనక్కి తెచ్చుకుంటే

ముందు నలుగురిలో ఒకరిని మధ్యలోకి దించితే 4-2-4 జబ్బుల్లో చాలా వరకు నయమవుతాయి. మధ్యలో ముగ్గురు, పాస్‌కు ఎప్పుడూ త్రికోణం, బంతి పోయినా మన వెనక వరస ముందు ఒక హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ నిలబడి ఉంటాడు. అయితే ముందు తగ్గిన ఆ ఒక్క మనిషి పని ఎవరు చేయాలి? ఫుల్‌బ్యాక్‌లు. 2018-19 ఇంగ్లండ్ ప్రీమియర్ లీగ్‌లో లివర్‌పూల్ ఫుల్‌బ్యాక్‌లు ట్రెంట్ అలెగ్జాండర్ ఆర్నాల్డ్ 12, ఆండీ రాబర్ట్‌సన్ 11 గోల్స్‌కు అసిస్ట్ (ఆఖరి పాస్) ఇచ్చారు. ముందు వరసలోని సలా, మానే, ఫిర్మినోల గురించే అందరూ మాట్లాడారు గానీ ఆ ఆటకు ఇంధనం ఆ ఇద్దరు బ్యాక్‌ల పరుగులోనే ఉంది.

మీ జట్టులో తొంభై నిమిషాలు గీత పొడుగునా పైకీ కిందికీ పరిగెత్తే ఫుల్‌బ్యాక్‌లు ఇద్దరున్నారా? ఒక్కడే ఉంటే ఆ ఒక్క వైపే పైకి పంపండి, రెండోవాణ్ని వెనకే ఉంచండి. ఇద్దరూ లేకపోతే మీ 4-3-3లో స్ట్రైకర్ ఒంటరివాడవుతాడు. ఇద్దరు సెంటర్ బ్యాక్‌ల మధ్య చిక్కుకుని, క్రాస్ కోసం ఎదురుచూస్తూ. నేను చూసిన కాలనీ జట్లలో సగం 4-3-3 ఆడుతున్నామనుకుంటూ నిజానికి 4-5-1 ఆడుతున్నాయి, ఎందుకంటే వింగర్లు అలసిపోయి మధ్యకు దిగిపోతారు. వాళ్లకు గోల్స్ పడవు, వాళ్లు కొట్టేవీ ఉండవు.

బంతి పోయిన క్షణాన దీని బలహీనత ఫుల్‌బ్యాక్‌ల వెనక ఖాళీ. తెలిసిన జట్టు బంతి దొరకగానే నేరుగా ఆ మూలలోకే కొడుతుంది. అక్కడికి హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్ అడ్డంగా పరిగెత్తి చేరాలి. ఆ ఒక్క ఆటగాడు మంచివాడు దొరికితే 4-3-3, లేకపోతే వద్దు. నేను అంత గట్టిగానే చెబుతాను.

కాచుకుని కొట్టే 4-4-2

దీని గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు, ఎందుకంటే దీన్ని అందరూ ఆడగలరు. నలుగురి రెండు వరసలు దగ్గర దగ్గరగా నిలబడి బంతిని ఎదుటివాళ్లకే వదిలేస్తాయి. చిక్కగానే ముందున్న ఇద్దరికి. లెస్టర్ సిటీ 2015-16లో ప్రీమియర్ లీగ్ గెలిచింది ఈ ఆటతోనే. వార్డీ 24 గోల్స్ కొట్టాడు, మహ్రెజ్ 17 కొట్టాడు, మధ్యలో కాంటే ఇద్దరి పని ఒక్కడే చేశాడు. బంతి చేజారినప్పుడు పది మందిలో ఎనిమిది మంది ముందే వెనక ఉంటారు కాబట్టి నా కొలతలో మూడింటిలో దీనికే ఎక్కువ మార్కులు.

దీనికి కావాల్సినవి రెండే: వెనక ఖాళీలోకి దూసుకుపోయే ఒక వేగగాడు, బంతి చిక్కిన రెండు మూడు సెకన్లలో వాణ్ని చూసి పాస్ వేయగలిగే ఒక కన్ను. పాస్ ఆలస్యమైతే ఎదుటివాళ్లు వెనక్కి చేరిపోతారు, కౌంటర్ చచ్చిపోతుంది. ముందే మనకు ఒక గోల్ పడిందంటే కూడా ఇబ్బందే. ఎదుటి జట్టు కూడా వెనక్కి జరిగి కూర్చుంటే రెండు జట్లూ ఒకరినొకరు చూసుకుంటూ ఉండిపోతాయి. మా 0-0 మ్యాచ్ అదే.

నేల, ఎండ, వచ్చే మనుషులు

ఇంగ్లండ్‌లో పచ్చిక మీద పనికొచ్చిన ఆట మన ఎర్రమట్టి మీద అలాగే పనికిరాదు. గట్టి నేల మీద బంతి ఎత్తుగా లేస్తుంది. పాస్ ఆపుకోవడం కష్టం, అందుకే అందరూ పొడుగ్గా కొడతారు, అంటే సెకండ్ బాల్స్ పెరుగుతాయి. సెకండ్ బాల్స్ పెరిగిన చోట మధ్యలో ఇద్దరితో బతకడం కష్టం. వేసవిలో గట్టి మట్టి మీద 4-2-4ను నేనిప్పుడు మొదటి నిమిషం నుంచీ ఆడించను. జులై తర్వాత వానలు పడి నేల మెత్తబడితే లెక్క తిరగబడుతుంది. చిన్న పాస్‌లు బురదలో ఆగిపోతాయి, త్రికోణాలు పనిచేయవు. పొడుగు బంతికి ముందు నలుగురున్న జట్టే గట్టిది.

ఎండ సంగతి. ఏప్రిల్, మే నెలల్లో హైదరాబాద్ మధ్యాహ్నాలు 40 డిగ్రీలు దాటడం మామూలే. అందుకే మనం పొద్దున ఏడింటికి మొదలుపెడతాం. అయినా సెకండ్ హాఫ్ వచ్చేసరికి ఎండ ముఖాన కొడుతూ ఉంటుంది. నలుగురితో ప్రెస్ చేసే ఆట ఇరవై నిమిషాలు అద్భుతంగా ఉంటుంది. తర్వాత ముందు నలుగురూ నడుస్తారు, మధ్యలో ఇద్దరూ పరిగెడుతూనే ఉంటారు. మాకు పడిన ఐదు గోల్స్‌లో నాలుగు అరగంట దాటాక పడ్డవే. ఎన్నిసార్లయినా మనిషిని మార్చుకోవచ్చని ఒప్పుకున్న మ్యాచ్ అయితే వింగర్లను ఇరవై నిమిషాలకోసారి మార్చండి. బెంచి మీద ఇద్దరే ఉంటే ఆ ఇద్దరూ మిడ్‌ఫీల్డర్లే అయ్యేట్టు చూసుకోండి.

కొండాపూర్, మణికొండ వైపు టర్ఫుల్లో ఏడుగురితో ఆడేవాళ్లకు ఒక మాట. వెనక ఇద్దరు, మధ్య ఒకడు, ముందు ముగ్గురు అన్నది 4-2-4కు చిన్న తమ్ముడే. అక్కడ అంత ప్రమాదం లేదు. వెనక్కి రావాల్సిన దూరం తక్కువ, చుట్టూ వల ఉంటుంది కాబట్టి బంతి బయటికి పోదు. చాలాచోట్ల ఆఫ్‌సైడ్ కూడా ఉండదు, కాబట్టి ఒకణ్ని ఎదుటి గోల్ ముందే నిలబెట్టొచ్చు. టర్ఫులో ధైర్యంగా దాడి ఆడండి. టర్ఫులో పనిచేసిందని అదే ఆటతో పెద్ద గ్రౌండుకు పోకండి, అంతే.

మీ జట్టుకు ఏది

1962 జకార్తా ఆసియా క్రీడల్లో థాయ్‌లాండ్‌తో మ్యాచ్‌లో డిఫెండర్ జర్నైల్ సింగ్ తలకు గాయమై కుట్లు పడ్డాయి. రహీం సాబ్ అతన్ని పక్కన కూర్చోబెట్టలేదు, వెనక వరసలోనూ ఉంచలేదు. సెంటర్ ఫార్వర్డ్‌గా ముందుకు పంపారు. అతను సెమీఫైనల్లో గోల్ కొట్టాడు, దక్షిణ కొరియాతో ఫైనల్లో మళ్లీ కొట్టాడు. 2-1తో స్వర్ణం వచ్చింది. ఉన్న మనుషులను చూసి ఆటను అల్లుకోవడమంటే అది. పద్ధతి పేరు చూసి మనుషులను అందులోకి కుక్కడం దానికి పూర్తిగా ఎదురు పని.

కాబట్టి మీ జట్టులో ఒక వేగగాడు, క్రమశిక్షణ ఉన్న ఎనిమిది మంది ఉంటే 4-4-2తో మొదలుపెట్టండి. కొత్తగా కలిసిన జట్టుకు ఇదే నా సలహా. మంచి హోల్డింగ్ మిడ్‌ఫీల్డర్, పరిగెత్తే ఫుల్‌బ్యాక్‌లు, వారానికి రెండు ప్రాక్టీసులు ఉంటే 4-3-3 ఆడండి. ఆడే పిల్లలకు అందులో నేర్చుకునేది ఎక్కువ. 4-2-4ను మొదటినుంచీ ఆడాలంటే మూడు కలిసి రావాలి: ఎదుటి జట్టు మధ్యలో ఇద్దరితోనే ఆడాలి, గ్రౌండు చిన్నదిగా ఉండాలి, మీ వింగర్లలో కనీసం ఒకడు బంతి పోగానే మధ్యలోకి పరుగెత్తుకొచ్చే గుణమున్నవాడై ఉండాలి. ఈ మూడూ లేనప్పుడు దాన్ని చివరి ఇరవై నిమిషాలకు దాచుకోండి. ఒక గోల్ వెనకబడి ఉన్నప్పుడు ఎలాగూ పోయేదేమీ ఉండదు. అప్పుడు ఎత్తైన డిఫెండర్‌ను ముందుకు పంపండి, కానీ బాక్స్ అంచున ఒక మనిషిని మాత్రం ఉంచండి.

ఏది ఎంచుకున్నా ప్రాక్టీసులో ఒకసారి పరీక్షించండి. ఇరవై నిమిషాలు ఆడించి, మనవాళ్ల దగ్గర బంతి పోయిన ప్రతిసారీ విజిల్ వేయండి. అందరూ ఉన్నచోటే ఆగాలి. బంతికీ మన గోల్‌కీ మధ్య ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టండి. ఐదుగురు కంటే తక్కువ అని పదేపదే వస్తుంటే మీరు ఎంచుకున్న ఆట మీ కాళ్లకు మించినది.

మేం ఈ పరీక్ష మూడు వారాలు చేశాం. మొదటి వారం విజిల్ పడ్డప్పుడల్లా మా పిల్లగాడు ముందు గీత మీదే నిలబడి కనిపించాడు. మూడో వారానికి నేను విజిల్ ఎత్తేలోపే మధ్యలోకి వచ్చేస్తున్నాడు. వచ్చే ఆదివారం మేం ఆడబోయే జట్టు మధ్యలో ఇద్దరితోనే ఆడుతుంది, గ్రౌండు పొడుగు కూడా తక్కువ, పైగా ఈ వారమంతా వాన. నిన్న రాత్రి వాడికి ఫోన్ చేసి చెప్పాను, మొదటి నిమిషం నుంచే 4-2-4 అని.